దట్టీ కింద వేళ్లు

1676లో పారిస్‌లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు దక్కను వజ్రాల గనుల దగ్గర చూసిన బేరం ఒకటి రాశాడు. ఆ పేజీ నన్ను ఇంకా వదల్లేదు.

అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు నడుముకున్న దట్టీ విప్పుతారు. ఆ గుడ్డ కింద అమ్మేవాడు కొనేవాడి కుడిచెయ్యి అందుకుంటాడు. చెయ్యంతా పడితే వెయ్యి, ఎన్నిసార్లు నొక్కితే అన్ని వేలు. అయిదు వేళ్లు పడితే అయిదు వందలు. ఒక్క వేలికి వంద, నడిమి కణుపు దాకా అయితే యాభై, కొసకు పది. చుట్టూ వర్తకులు చూస్తూనే ఉంటారు. నోట మాట రాదు. రాయి చేతులు మారుతుంది, ధర మాత్రం ఆ ఇద్దరికే తెలుస్తుంది.

ఆ గనుల బేరాల్లో గుజరాతీ వర్తకులదీ పెద్ద చెయ్యే. రాళ్లు సూరత్ రేవుకు చేరేవి. డబ్బు మూటలు మోసే పని లేకుండా, గోల్కొండలో రాసిన హుండీ కాగితం సూరత్‌లో చెల్లేది. దూరాన ఉన్న పెట్టెను ఇక్కడి నుంచే తెరవడమంటే అదే కదా!

మా మేనల్లుడు సూరత్ లింబాయత్‌లో ఉంటాడు, మగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మశాలీల మధ్య. రాత్రిపూట ఇంటి నుంచే రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లోని దుకాణం కంప్యూటర్ తెరిచి లెక్కలు రాస్తాడు. ముందు వీపీఎన్ అనే చాటు దారి కలుపుతాడు. అప్పటి నుంచి వాడు కొట్టే ప్రతి అంకె గుప్తలిపిలోకి మారి, ఇంకో పొట్లంలో చుట్టుకుని వెళ్తుంది. దారిలో చూసేవాడికి గుడ్డ కదలడం కనిపిస్తుంది, వేళ్లు కనిపించవు.

నడిమి శతాబ్దాలు దాటేస్తున్నాను. టావెర్నియే పుస్తకానికి సరిగ్గా 300 ఏళ్లకు, 1976లో, డిఫీ, హెల్మన్ అనే పరిశోధకులు, అందరూ వింటుండగానే ఇద్దరు ఒక రహస్య తాళంచెవి కుదుర్చుకునే గణితం ప్రచురించారు. 1996లో మైక్రోసాఫ్ట్ వాళ్ల పీపీటీపీ అనే వీపీఎన్ పద్ధతి వచ్చింది, రెండేళ్లకే దాని లోపాలు బయటపడ్డాయి. మధ్య ఆసియాలో తిరుగుతూ, అక్కడి నెట్ మీదుగా తన ఆఫీసుకు కలవాల్సి వచ్చిన జేమ్స్ యోనన్, ఆ దారిని నమ్మలేక ఓపెన్‌వీపీఎన్ రాశాడు. అది 2001.

పోయిందేమిటో కూడా చెప్పాలి. టావెర్నియే 60 వేల మంది పనిచేస్తున్నారని రాసిన కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. దట్టీ కింద ఎదుటివాడి చెయ్యి తగిలేది, చెమట తెలిసేది. దొంగిలించిన పాస్‌వర్డ్‌కు చెమట పట్టదు. ఎద్దుల సంతలో మా తాత తువాలు కింద బేరమాడి, లేచి చెయ్యి విదిలించుకోవడం నాకింకా గుర్తు.

మొన్న మేనల్లుడి చెయ్యి తువాలు కింద పట్టుకుని, ఒక వేలు నడిమి కణుపు దాకా నొక్కాను.

“యాభై,” అన్నాడు. కాసేపాగి, “వరహాలా, రూపాయలా, మామా?”