మను డిబాంగో

మను డిబాంగో (డిసెంబరు 12, 1933 - మార్చి 24, 2020) కామెరూన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ శాక్సోఫోన్ విద్వాంసుడు, స్వరకర్త. ఆఫ్రికా నృత్యగీతాలకు జాజ్, ఫంక్ రీతులను మేళవించి డిస్కో సంగీతానికి బాట వేసినవారిలో ఇతడు ఒకడు.

తొలి జీవితం

ఇతడు దువాలా నగరంలో జన్మించాడు. 1949లో చదువు నిమిత్తం ఫ్రాన్సుకు వెళ్ళాడు. అప్పుడు వెంట తీసుకువెళ్ళిన మూడు కిలోల కాఫీయే తరువాత ఇతని ఆత్మకథకు పేరయింది. 1960లలో కాంగో గాయకుడు జోసెఫ్ కబసెలె బృందంలో పనిచేశాడు.

సోల్ మకోసా

మకోసా అనేది దువాలా ప్రాంతపు నృత్యసంగీతం. 1972లో కామెరూన్‌లో జరిగిన ఆఫ్రికా దేశాల ఫుట్‌బాల్ పోటీలకు డిబాంగో ఒక గీతం కూర్చాడు. ఆ రికార్డుకు రెండవ వైపున ఉన్న పాటే "సోల్ మకోసా". ఇందులో బాస్ గిటారు, డ్రమ్ములు ఒకే నడకను విడువక సాగుతుండగా, వాటిపై శాక్సోఫోన్, విరిచి పలికిన మాటలు వినవస్తాయి. న్యూయార్కులో డేవిడ్ మంకూసో తన నృత్యసభలలో దీనిని వినిపించడంతో గిరాకీ పెరిగింది. అసలు ప్రతులు దొరకక, ఇతర బృందాలు అనుకరణలను విడుదల చేశాయి. అట్లాంటిక్ సంస్థ విడుదల చేసిన మూలగీతం 1973లో బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 35వ స్థానం పొందింది.

హక్కుల వివాదం

ఈ పాటలోని పలుకులను పోలినవి మైకేల్ జాక్సన్ 1982 నాటి "థ్రిల్లర్" ఆల్బంలో వినిపించాయి. డిబాంగో దావా వేయగా, వివాదం న్యాయస్థానం వెలుపల రాజీతో ముగిసింది. 2007లో రిహానా పాడిన "డోంట్ స్టాప్ ద మ్యూజిక్"లోనూ అవే పలుకులు చేరాయి. 2009లో ఇతడు పారిస్ న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. అంతకుముందే ఒక దావాను ఉపసంహరించుకున్నందున, ఈ అభ్యర్థన విచారణకు అర్హం కాదని న్యాయమూర్తి తేల్చాడు.

మరణం

డిబాంగో తన 86వ ఏట కోవిడ్-19 వ్యాధితో ఫ్రాన్సులో మరణించాడు.