వెన్ను నిటారైంది, నడుము పోయింది: ఒక స్టీల్ రాడ్ కథ

ముందుగా ఒక చిన్న పని. వింటూనే ఒక చెయ్యి నడుము వెనక పెట్టండి. అక్కడ లోపలికి ఒక వంపు తగులుతుంది కదా? ఈరోజు కథంతా ఆ వంపు గురించే. ఒకప్పుడు సర్జరీల్లో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ పొరపాటు ఖరీదు పేషెంట్లు కట్టారు.

వెన్నెముకని వెనక నుంచి చూస్తే నిటారుగా ఉండాలి. అది పక్కకి వంగి, కాస్త మెలి కూడా తిరిగితే స్కోలియోసిస్ అంటాం. ఎక్స్‌రేలో ఆ వంపు కనీసం 10 డిగ్రీలు ఉంటేనే ఆ పేరు పెడతారు. దాన్ని కొలిచే పద్ధతిని 1948లో జాన్ కాబ్ అనే అమెరికన్ డాక్టర్ వివరించాడు. ఇప్పటికీ రిపోర్టుల్లో కనిపించే కాబ్ యాంగిల్ అదే.

ఈ వంపుని సరిచేయాలన్న తాపత్రయం మాత్రం చాలా పాతది. హిప్పోక్రటీస్ పేరుమీదున్న గ్రీకు గ్రంథాల్లో, గూనివాళ్లని నిచ్చెనకి కట్టి పైనుంచి కిందకి వదిలే పద్ధతి ఉంది. జనాన్ని నోరెళ్లబెట్టించడానికే చాలామంది ఇది చేస్తారని ఆ రచయితే విసుక్కున్నాడు!

ఇక 1914కి వద్దాం. న్యూయార్క్‌లో రస్సెల్ హిబ్స్ స్కోలియోసిస్‌కి ఫ్యూజన్ సర్జరీ చేశాడు. అంటే వెన్నుపూసల్ని ఒకదానితో ఒకటి అతుక్కునేలా చేయడం. కానీ అవి అతుక్కునేదాకా నెలల తరబడి పిండికట్టులో మంచాన పడుండాలి.

తర్వాత అమెరికాలో పోలియో విజృంభించింది. కండరాలు చచ్చుబడి పిల్లల వెన్ను వంగిపోయేది, ఊపిరితిత్తులు నలిగిపోయేవి. పిండికట్టు వేస్తే ఊపిరి ఇంకా కష్టం. హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ అనే డాక్టర్ దీనికో దారి వెతికాడు. స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్, పైన ఒక హుక్, కింద ఒక హుక్. కారు జాకీ ఎలా లేపుతుందో, అలా నొక్కు నొక్కుకీ వెన్నుని సాగదీయడం. మొదట్లో రాడ్లు విరిగేవి, హుక్కులు ఊడేవి. దాంతో ఫ్యూజన్ కూడా కలిపాడు. 1962లో తన ఫలితాలు ప్రచురించాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు ప్రపంచమంతా అదే పద్ధతి.

కానీ ఇల్లు అలకగానే పండగ కాదు కదా. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో వెన్ను చక్కగా నిటారుగా కనిపించింది. అదే మనిషిని పక్కనుంచి చూస్తే? నడుము కింది భాగం దాకా రాడ్ వేసినవాళ్లలో, ఇందాక మీ చేతికి తగిలిన ఆ వంపు కూడా సాగిపోయి చదునైపోయింది. ఆపరేషన్ అయిన ఏళ్లకి, పెద్దవాళ్లయ్యాక, వాళ్లలో కొందరు ముందుకి ఒరిగిపోయారు. మోకాళ్లు వంచితే తప్ప నిలబడలేని పరిస్థితి. విడవని నడుము నొప్పి. 1970ల్లో దీనికి ఫ్లాట్‌బ్యాక్ అన్న పేరు స్థిరపడింది.

మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, ఒక బగ్ ఫిక్స్ చేస్తే ఇంకో బగ్ పుట్టింది. ఎందుకంటే టెస్ట్ చేసింది ఒక్క వైపే. అలాగని హారింగ్టన్‌ని విలన్ చేయకండి. ఆ రాడ్ వల్ల ఎంతోమంది పిల్లలు బాగుపడ్డారు.

1980ల్లో ఫ్రాన్స్‌లో కొట్రెల్, డ్యుబుసే అనే ఇద్దరు డాక్టర్లు రాడ్‌నే వెన్ను సహజ వంపుకి తగ్గట్టు వంచి, చాలా చోట్ల బిగించే పద్ధతి తెచ్చారు. 2005లో అమెరికాలో వెన్ను వంకర ఉన్న పెద్దవాళ్ల మీద ఒక స్టడీ వచ్చింది. శరీరం ముందుకి ఎంత ఒరిగితే బాధ అంత ఎక్కువని అందులో తేలింది.

ఇప్పుడు మన సంగతి. నడుము నొప్పని ఎక్స్‌రే తీయిస్తే, 12 డిగ్రీల వంపు అని రిపోర్ట్ వచ్చిందనుకోండి. నొప్పంతా దానివల్లేనని కంగారు పడి, వెన్ను నిటారు చేస్తానన్న ప్రతి బెల్టూ ఆర్డర్ పెట్టేయకండి. చిన్న వంపుతో ఏ నొప్పీ లేకుండా బతికేవాళ్లు బోలెడుమంది. డాక్టర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "పక్కనుంచి చూస్తే నా వెన్ను ఎలా ఉందండీ?"

ఆ ప్రశ్న అడగడం నేర్చుకోవడానికి వైద్యానికే ఇన్నేళ్లు పట్టింది మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఇప్పటికి లేచి, ఓ రెండు నిమిషాలు నడవండి.