పసిబిడ్డ బొంత: ఒక చారిత్రక పరిశీలనము

ఆంధ్రదేశపు సాంఘిక చరిత్రను పరిశీలించినవారు వస్త్రములను గూర్చి చాల వ్రాసిరి. మచిలీపట్టణపు అద్దకము, శ్రీకాళహస్తి కలంకారీ, వేంకటగిరి నేత పలుమారులు పరిశోధనమునకు విషయములైనవి. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యములనుండి జనుల వేషభూషలను, ఆహారవిహారములను, ఆటపాటలను ఏరి చూపి, ఈ విషయమున మనకు మార్గదర్శకులైరి. అయినను నేయబడిన వస్త్రమునకు మనము చరిత్ర వ్రాసితిమి గాని, కట్టి కట్టి, ఉతికి ఉతికి చిరిగిన వస్త్రము పిమ్మట ఏమైనదని అడుగలేదు. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. అవ్వలు, మేనత్తలు ఇంటి పసిబిడ్డలకొఱకు పాతచీరలతో చేతికుట్టుగా కుట్టి యిచ్చు బొంతను మేమిందు పరిశీలింప దలచితిమి.

మేము ముఖ్యముగా గ్రహించిన ప్రాంతము వడమాలపేట. ఇది తిరుపతినుండి పుత్తూరుమీదుగా చెన్నపట్టణమునకు పోవు మార్గమున నున్నది. చిరకాలము చిత్తూరు జిల్లాలో నుండి, 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. ప్రసన్న వేంకటేశ్వరస్వామి వెలసిన అప్పలాయగుంట ఈ మండలములోనిదే. నారాయణవనము, పుత్తూరు, నగరి మొదలగు నేతయూళ్ళు దీనికి దాపుననే కలవు. క్రొత్తగుడ్డకు కొదువలేని సీమయే యైనను ఇచ్చటి అవ్వలు బొంతకు క్రొత్తగుడ్డ వాడరు. ఈ విషయము గమనింపదగినది. బొంతకు పాతగుడ్డ వాడుట కేవలము లేమిచేతనే యని చెప్పుట కిది యడ్డు తగులుచున్నది.

బొంత కుట్టు విధానము సులభముగనే కనబడును. మెత్తబడిన నూలుచీరను ఉతికి, గంజిపోగొట్టి, ఎండబెట్టి, నేలపై ముడుతలు లేకుండ పఱతురు. నాలుగు మూలల బరువులుంచి, దానిపై పంచెముక్కలు, రవికగుడ్డలు, పావడపేలికలు ఎగుడుదిగుడు లేకుండ పేర్చుదురు. మరల పైన చిరుగులేని చీరభాగమును కప్పి, అంచులను లోనికి మడిచి కుట్టుదురు. పిమ్మట దబ్బనముతోనో, లావు సూదితోనో రెండుపేటల దారముతో ఈ కొననుండి ఆ కొనవఱకు వరుసలు నడపుదురు. వరుసలు దగ్గఱగా నున్నచో లోని పేలికలు కదలక, ఎన్ని యుతుకులకైనను బొంత నిలుచును. దూరమైనచో పేలికలన్నియు ఒకమూలకు చేరి ఉండకట్టును. పనులు తీరిన మధ్యాహ్నములందు మాత్రమే సాగు కుట్టగుటచేత, చిన్నబొంతకైనను చాలదినములు పట్టును. కాన్పునకు కూతురు పుట్టింటికి వచ్చినది మొదలు ఈ పని యారంభమగుట వాడుక.

ఇక పదమును విచారింతము. తెలుగున బొంత, కన్నడమున బొంతె, సంస్కృతమున కంథ. వాఙ్మయమున వీని ప్రయోగమును పరికించినచో ఒక విశేషము పొడకట్టును. పసిబిడ్డ బొంత మన గ్రంథములలో దాదాపు కానరాదు. కనబడునది విరాగి బొంత. భర్తృహరి వైరాగ్యశతకమున జీర్ణకంథ సర్వమును విడిచినవాని చిహ్నము. బౌద్ధ భిక్షువు త్రోవలో పడియున్న పేలికలను ఏరి చీవరము కుట్టుకొనెడివాడు. మగధదేశపు వరిమళ్ళ గట్లను చూపి, ఆ తీరున ముక్కలను కూర్చి చీవరమును కుట్టుమని బుద్ధుడు ఆనందునికి చెప్పినట్లు వినయపిటకములోని మహావగ్గము తెలుపుచున్నది. జంగములకును, బైరాగులకును బొంత వేషములో భాగము. లోకవ్యవహారమున ‘అతుకుల బొంత’ యన్నది నిందగా స్థిరపడినది. పొందికలేని ప్రభుత్వమును, పొందికలేని గ్రంథమును అట్లే యందుము. కావున వ్రాతలోని బొంత వైరాగ్యమునకో, దారిద్ర్యమునకో, అపహాస్యమునకో గుఱుతైనది.

విరాగి బొంతయు, పసిబిడ్డ బొంతయు కుట్టునందును ద్రవ్యమునందును ఒకటియే. రెండును పాతపేలికలే, రెండును అతుకులే. కాని యర్థమున నవి పరస్పర విరుద్ధములని మా యభిప్రాయము. విరాగి యేరుకొను పేలిక ఎవరిదో తెలియనిది; తెలియకుండుటయే దాని గుణము. అతడు ఎవరికిని చెందనివాడు గనుక ఎవరికిని చెందని గుడ్డనే కప్పుకొనును. పసిబిడ్డ బొంతలోని ప్రతిపేలికకును పేరున్నది. ఇది అవ్వచీర, ఇది తాతపంచె, ఇది పెద్దమ్మ రవిక యని కుట్టినయామె చెప్పగలదు. మొదటిది బంధములను త్రెంచుకొన్నవాని వస్త్రము. రెండవది ఇంకను పేరైన పెట్టబడని బిడ్డను బంధములలో చుట్టు వస్త్రము. పుట్టిన బిడ్డకు ముందుగా క్రొత్తగుడ్డ తొడుగక, పెద్దలు కట్టి విడిచిన మెత్తని పాతగుడ్డలో చుట్టు ఆచారము తెలుగునాట ప్రసిద్ధమే. పొత్తిళ్ళనుండి బొంతవఱకు ఒకే భావము సాగుచున్నది. పెద్దల మేనికి పనికివచ్చిన గుడ్డ పిన్నల మేనికి కీడు చేయదని నమ్మకము. పలుమార్లుతికిన నూలు మెత్తనై, చెమటను పీల్చునని అనుభవము.

ఈ రెండర్థములును కలిసిన సందర్భమొకటి కన్నడదేశపు శరణుల చరిత్రలో కలదు. కాశ్మీరరాజపుత్రిక యొకతె దిగంబరయై శివుని వెదకుచు కల్యాణమునకు రాగా, శివుడే యామెకు బొంత నొసంగెననియు, అందుచేత నామె బొంతాదేవి యయ్యెననియు వీరశైవ సంప్రదాయము చెప్పును. అన్నిటిని విడిచిన యామెకు లభించిన బొంత ఏరుకొన్నది కాదు. తండ్రి బిడ్డకిచ్చినట్లు ఇయ్యబడినది. విరాగి వస్త్రముగూడ ఎవరో యిచ్చినపుడు కానుకయే యగునని ఈ కథ సూచించుచున్నది.

వ్రాతలో చోటు దొరకనట్లే ప్రదర్శనశాలలలోను పసిబిడ్డ బొంతకు చోటు దొరకలేదు. అందుకు కారణమును వర్తక చరిత్రలో వెదకవలెను. డచ్చివారు 1610లో పులికాటున స్థావరమేర్పఱచుకొని, 1613 నాటికి గెల్డ్రియా కోటను నిర్మించిరి. వారును, ఆంగ్లేయులును కోరమండల తీరమునుండి అద్దకపు వస్త్రములను, ‘పలంపోరు’ అని పిలువబడిన పాన్పుకప్పులను ఐరోపాకు కొనిపోయిరి. అంతకు పూర్వమే పోర్చుగీసువారు వంగదేశపు సాతగాఁవునుండి పట్టుకుట్టు బొంతలను తీసికొనిపోయిరి. భారతదేశపు అద్దకములకు గిరాకి మిక్కుటమగుటచే ఇంగ్లండు తననేతను కాపాడుకొనుటకు 1700లోను, 1721లోను నిషేధశాసనములు చేయవలసివచ్చినది. అట్లు అమ్మకమునకై చేయబడినవి నేటికిని లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి. మనుమలకొఱకు కుట్టబడినవి మాత్రము మనుమలు కప్పుకొని, తడిపి, ఈడ్చి, చింపివేయగా అంతరించినవి. వాడుకచేత నశించుటయే వాని ప్రయోజనము. నిలిచియున్న వస్తువులనుబట్టి మాత్రమే చరిత్ర వ్రాయువానికి ఇది హెచ్చరిక. మిగిలినదే ముఖ్యమైనది కానక్కఱలేదు.

ఇతరప్రాంతములలో ఈ కళకు కొంత గౌరవము లభించినది. వంగదేశపు కంథను గూర్చి స్టెల్లా క్రామ్రిష్ 1939లోనే వ్యాసము వ్రాసినది. గురుసదయ దత్తు సేకరించిన కంథలు కలకత్తా సమీపమున జోకాలోని ప్రదర్శనశాలలో చేరినవి. వానిలో మానదాసుందరి యను స్త్రీ తన తండ్రికొఱకు కుట్టినది ప్రసిద్ధము. జసీముద్దీను 1929లో ప్రకటించిన ‘నక్షీ కాఁథార్ మాఠ్’ కావ్యమునకు కంథయే పేరైనది. బీహారున పసిబిడ్డకొఱకు పాతచీరలతో ‘సుజని’ కుట్టుదురు. చిత్తిరియా మా యను పేలికలదేవత భావన దానితో ముడివడియున్నది. ఉత్తరకన్నడ మండలమున ఆఫ్రికా సంతతివారగు సిద్దీ స్త్రీలు మనుమలకై కుట్టు ‘కవంది’ మూలలందు గుడ్డను ముక్కోణముగా మడిచి పూవువలె నిలుపనిదే పని ముగిసినట్లు తలంపరు. తెలుగు బొంతకు బొమ్మలు లేవు, పూవులు లేవు. అందుచేతనే కాబోలు, చూచువారి కన్ను దానిపై నిలువలేదు. దాని విశేషము పైకి కనబడునది కాదు, పొరలలో నున్నది.

ఇచ్చట మాయింటి బొంత నొకదానిని సాక్ష్యముగా చూపుచున్నాము. 1980 ప్రాంతమున మేము జన్మించినపుడు మా అవ్వ వడమాలపేట సమీపగ్రామమున దానిని కుట్టినది. చదువునకై వసతిగృహమునకు పోవునాడు ఆమె దానిని మా పెట్టెలో నుంచినది. తోడివారు నవ్వుదురని సిగ్గుపడి, మేము దానిని తీసి దండెముమీద వైచి పోతిమి. ఆమె యేమియు ననలేదు. ఆమె గతించిన చాలయేండ్లకు, అంచుచిరిగిన యా బొంతను మా తండ్రిగారి యెదుట విప్పి పొరలను పరిశీలించితిమి. పైపొర అవ్వ కట్టిన ఎఱ్ఱచీర. అడుగుపొర తాతగారి పంచె. నడుమ పేలికలలో జానెడు వెడల్పుగల పచ్చని పావడగుడ్డ. దానిని చూచి మా తండ్రిగారు చాలసేపు మాటాడలేదు. అది ఆయన చెల్లెలిది. ఏడేండ్ల ప్రాయమున జ్వరముతో పోయినదట. ఆమెకు ఛాయాచిత్రము లేదు; మాయింటి కాగితములలో నెచ్చటను ఆమె పేరు లేదు. మాకొక మేనత్త యుండెనని ఆ దినమువఱకు మేమెఱుగము. అవ్వ ఆ గుడ్డను ఇరువదియేండ్లు దాచి, మనుమని బొంతలో చేర్చినది. నోట చెప్పలేని దానిని సూదితో చెప్పినదని మేము తలంచుచున్నాము.

ఒక్కయింటి సాక్ష్యముతో సిద్ధాంతము చేయరాదని మేమెఱుగుదుము. కాని యిందుండి రెండు విషయములు తేలుచున్నవి. మొదటిది, మన వంశావళులు పురుషుల పేర్లను వరుసగా చెప్పగా, బొంత వంశావళిలో చోటులేని స్త్రీలను, పసిపిల్లలను గూడ నిలుపుకొన్నది. అక్షరము లేని గృహచరిత్ర యది. రెండవది, ఆ చరిత్రను చదువుటకు గుడ్డ యొక్కటియే చాలదు. మా తండ్రిగారు చెంతలేకున్నచో ఆ పావడగుడ్డ మాకు పచ్చని పేలిక మాత్రమే యైయుండెడిది. శాసనమునకు లిపి తెలిసినవాడెట్లో, బొంతకు పొరల నెఱిగినవారట్లు. వారు పోయినచో శాసనము మిగిలియు మూగదగును.

ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి కృత్రిమనూలు చీరలు వ్యాపించినవి. అవి చెమటను పీల్చవు, ఎంత యుతికినను నూలువలె మెత్తబడవు, బొంతకు నప్పవు. అంగడిలో క్రొత్తదుప్పట్లు చౌకగా దొరకుచున్నవి. నూలుచీరలు కట్టి, చేతికుట్టు కుట్టిన తరము వృద్ధాప్యమున నున్నది. కావున పరిశోధక విద్యార్థులకు మా విన్నపమిది. ముందుగా మీ యిండ్లలోని బొంతలను వెలికితీయుడు. కొలతలు, పొరలు, కుట్టువరుసలు, దారము, వానికి మీయూర వాడు మాటలు వ్రాసికొనుడు. పిమ్మట కుట్టినవారి చెంత కూర్చుండి, ఏ పేలిక యెవరిదో యొక్కొక్కటిగా అడుగుడు. గ్రంథాలయములోని పుస్తకము రేపటికిని దొరకును. ఈ సమాధానము మాత్రము రేపటికి దొరకునో లేదో.