తెలుగునాట ఆంగ్లికన్ సంఘము

ఆంగ్లికన్ సంఘము 1534లో ఇంగ్లాండు రాజు 8వ హెన్రీ కాలంలో పోపు అధికారం నుండి విడివడిన క్రైస్తవ సంఘము. బిషప్పుల వ్యవస్థను కాథలిక్కుల వలెనే నిలుపుకొని, సిద్ధాంతంలో సంస్కరణవాదుల బాట పట్టడం వలన ఇందులో రెండు ధోరణులు ఏర్పడినవి. బైబిలు బోధకు, వ్యక్తిగత విశ్వాసానికి పెద్దపీట వేసేది ఇవాంజెలికల్ వర్గము. గురుత్వము, సంస్కారములు ముఖ్యమని భావించి కాథలిక్కు సంప్రదాయానికి దగ్గరగా ఉండేది హై చర్చి వర్గము.

తెలుగుదేశంలో ఈ తేడా మిషన్ల పంపకాన్ని బట్టి ప్రాంతాల తేడాగా మారింది. ఇవాంజెలికల్ ధోరణి గల చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) పక్షాన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్సు 1841లో మచిలీపట్నం చేరారు. నోబుల్ 1843లో అక్కడ పాఠశాల ప్రారంభించాడు. పామర్రు, గుడివాడ, బెజవాడ వైపు డెల్టా గ్రామాలకు ఆంగ్లికన్ సంప్రదాయం ఈ మార్గాననే వచ్చింది. నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతాలలో పనిచేసినది హై చర్చి వైపు మొగ్గిన ఎస్.పి.జి. సంస్థ.

1912లో ఏర్పడిన దోర్నకల్ అధ్యక్ష మండలానికి వేదనాయగం శామ్యూల్ అజరయ్య బిషప్పు అయ్యాడు. భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పు ఆయనే. కాలక్రమంలో కృష్ణా, నంద్యాల సంఘాలు రెండూ ఈయన పాలన కిందికి వచ్చాయి. సంఘాల ఐక్యతకై 1919 తరంగంబాడి సమావేశం నుండి కృషి చేసిన అజరయ్య, అది నెరవేరక మునుపే 1945 జనవరి 1న మరణించాడు.

నంద్యాల వివాదము

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘము (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. ఇకమీదట అభిషేకాలన్నీ బిషప్పుల చేతనే జరగాలి. అయితే అంతకు మునుపు బిషప్పు అభిషేకం లేకుండా గురువులైన ఇతర సంఘాలవారిని మళ్ళీ అభిషేకించకుండానే స్వీకరించారు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. అపొస్తలుల నుండి వచ్చిన వారసత్వం తెగిపోతుందన్నది హై చర్చి వారి భయము. కృష్ణా ప్రాంత సంఘాలు కలిశాయి. నంద్యాల ప్రాంతంలో అధిక సంఖ్యాకులు కలువక, ఉత్తర భారత ఆంగ్లికన్ సంఘంతోనే ఉండిపోయారు. వారికి 1963లో ప్రత్యేక అధ్యక్ష మండలం ఏర్పడింది. 1975లో గాని అది సి.ఎస్.ఐ.లో చేరలేదు. ఒకే బిషప్పు కింద మెలిగినవారు ఇరవై ఎనిమిదేండ్లు వేరుగా ఉండవలసి వచ్చింది.

కాథలిక్కులతో సంబంధము

విచిత్రమేమనగా, నంద్యాలవారు కాపాడదలచిన ఆ వారసత్వాన్ని రోము అసలు అంగీకరించలేదు. ఆంగ్లికన్ అభిషేకాలు చెల్లవని 13వ లియో పోపు 1896లోనే ప్రకటించాడు. 1966లో 6వ పౌలు పోపు, కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు మైకేల్ రామ్సే రోములో కలిసి సంయుక్త ప్రకటన చేసిన పిమ్మట ఇరుపక్షాల చర్చలు మొదలైనవి గాని, 1896 తీర్పు రద్దు కాలేదు. స్త్రీల అభిషేకం మరొక అడ్డంకి. సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్పు ఇ. పుష్పలలిత 2013లో బాధ్యతలు చేపట్టినది ఒకనాడు గురుత్వం కోసం పట్టుబట్టిన నంద్యాలలోనే.

కృష్ణా డెల్టాలోని సి.ఎస్.ఐ. సంఘాలు కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలానికి చెందుతాయి. 1937లో ఏర్పడిన కాథలిక్కు మేత్రాసనానికి విజయవాడ కేంద్రము.