సూదిమొన మీది అలలు

అనంతపురం సీమలో ఆకాశం వైపు చూడని రైతు ఉండడు. అయితే ఆ చూపు మేఘం దగ్గరే ఆగిపోతుంది. మేఘానికి ఎన్నో వేల కిలోమీటర్ల పైన కూడా ఒక గాలి వీస్తున్నది. దాని అలలను మనవాళ్లు కొలిచిన చరిత్ర నన్ను చాలాకాలంగా ఆకర్షిస్తున్నది.

ఆ గాలి సూర్యుని నుండి వచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహం. సెకనుకు దాదాపు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చి, భూమి అయస్కాంతావరణపు అంచును ఒరుసుకుంటూ పోతుంది. నిండిన సింగనమల చెరువు మీద గాలి వీచినప్పటి వలెనే ఆ అంచున అలలు లేస్తాయి. శాస్త్రజ్ఞులు దీనిని కెల్విన్-హెల్మ్‌హోల్ట్జ్ అస్థిరత అంటారు. ఆ అలజడి అయస్కాంత బలరేఖలను తంబుర తీగెల వలె మీటుతుంది. ఇటువంటి తరంగాలు ఉండగలవని 1942లో హన్నెస్ ఆల్వెన్ సిద్ధాంతరీత్యా చూపాడు. దక్షిణ భారతంలో భూక్షేత్రం సుమారు 40,000 నానోటెస్లాలు. అందులో ఈ అలలు తరచు ఒకటి రెండు నానోటెస్లాల వణుకు మాత్రమే.

ఆల్వెన్‌కు ఎంతో ముందే, 1859 సెప్టెంబరు నాటి మహా సౌరతుఫానులో, ఇంగ్లండులోని క్యూ వేధశాల పటాల మీద బాల్‌ఫోర్ స్టీవార్ట్ ఈ వణుకును గుర్తించాడు. అదే తుఫానులో బొంబాయి కొలాబా వేధశాలలో క్షేత్రం దాదాపు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. అక్కడి పరిశీలకులు కంటితో చూసి రాసిపెట్టిన ఆ అంకెలను 2003లో శాస్త్రలోకం మళ్లీ వెలికితీసి చర్చించింది.

ఇనుమూ విద్యుత్తూ పెరిగిన చోట అయస్కాంతపు సూది నిజం చెప్పలేదు. బొంబాయికి విద్యుత్ ట్రాములు రానున్నాయని తెలిసి, నానాభాయ్ మూస్ నాయకత్వాన 1904లో వేధశాలను అలీబాగ్‌కు తరలించారు. గొలుసు తెగకుండా 1906 వరకు రెండు చోట్లా కలిపి కొలిచారు. ఆ ముందుచూపుకు నేను మనసులోనే నమస్కరిస్తాను.

తెలుగునాట ఈ పని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ చేపట్టింది. 1961లో ఏర్పడిన ఆ సంస్థ 1964లో అయస్కాంత వేధశాలను ప్రారంభించింది. అప్పుడు చుట్టూ బయలు. నేడు ఆ సంస్థ పేరుతో అక్కడ మెట్రో స్టేషనే ఉంది. నగరపు సందడికి దూరంగా విజయవాడ దారిలోని చౌటుప్పల్‌లో మరొక వేధశాల వెలసింది. ఆ దారి వెంబడి కూడా నగరం సాగుతూనే ఉన్నది.

మా సీమ సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లని నేడు చెప్పగలుగుతున్నామంటే, తరాలుగా ఎవరో ప్రతిదినం వానను కొలిచి రాసిపెట్టినందువల్లనే. అయస్కాంతపు లెక్కా అటువంటిదే. తప్పిపోయిన దినాన్ని ఎంత ధనం పోసినా తిరిగి కొలవలేము. రామగిరి కొండల మీద గాలిమరలు, నంబులపూలకుంటలో సౌరఫలకాలు వచ్చాయి, అవి అవసరమే. కాని “ఏమీ లేని బీడు” అని మనం తేలికగా అనే చోట నిశ్శబ్దం ఉంటుంది. అదీ ఒక సంపదేనని కొలాబా చరిత్ర నాకు నేర్పింది.