బంగారం పోయింది, దుమ్ము మిగిలింది: కేజీఎఫ్‌లో కారు టాపు కథ

ఆషాఢ మాసంలో గాలి లేచిందంటే కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) వాసులకు ఆకాశం కన్నా ముందు సైనైడ్ దిబ్బలు గుర్తొస్తాయి. మారికుప్పం, చాంపియన్ రీఫ్స్ చుట్టూ కొండల్లా పడి ఉన్న ఆ బూడిదరంగు గుట్టల మీద నుంచి సన్నటి పొడి లేచి వస్తుంది. తలుపులు మూసినా ఇంట్లోకి దూరుతుంది. ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందెల మీద, ఆగి ఉన్న బండ్ల మీద పేరుకుంటుంది. గుడ్డ టాపున్న బండి అయితే ఆ పొడి మడతల్లోకి పోయి కూర్చుంటుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆ పొడి ఎక్కడిదో తెలిస్తే చిక్కు ఎంతటిదో అర్థమవుతుంది. 1880లో లండన్ కంపెనీ జాన్ టేలర్ అండ్ సన్స్ ఇక్కడ అడుగుపెట్టింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే దాకా దాదాపు 800 టన్నుల బంగారం బయటికి వచ్చిందని లెక్క. అది ఊరికే రాలేదు. క్వార్ట్జ్ రాతిని స్టాంప్ మిల్లుల్లో రోకటి పోట్లతో నలగగొట్టి, పిండి చేసి, ఆ పిండిని సైనైడ్ నీళ్లలో నానబెట్టి బంగారాన్ని కరిగించి తీశారు. టన్ను రాతికి దక్కింది కొన్ని గ్రాములే. మిగిలిన పిండి అంతా గుట్ట పోశారు. ఇప్పుడక్కడ అలా పేరుకున్నది 3 కోట్ల టన్నులకు పైమాటే. ఆ పిండిలో ఎక్కువ పాలు క్వార్ట్జ్. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద దాని స్థానం 7. మామూలు చాకు ఉక్కు దానికి కిందే. గని కార్మికుల ఊపిరితిత్తులను సిలికోసిస్‌తో తినేసింది ఈ రాతి ధూళే. మనుషుల కథతో పోలిస్తే కారు టాపు ఏపాటి అనిపించవచ్చు, నిజమే. అయినా రాతిపొడి స్వభావం మాత్రం రెండు చోట్లా ఒకటే: చొరబడిన చోట గీరుతూ కూర్చుంటుంది.

కార్లు రాకముందు ఇక్కడ తిరిగినవి జట్కాలు. 1894లో బౌరింగ్‌పేట నుంచి, అంటే ఇప్పటి బంగారపేట నుంచి, మారికుప్పం దాకా రైలు వచ్చింది. 1902లో శివసముద్రం జలపాతం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల తీగల మీద కరెంటు వచ్చింది. బెంగళూరు వీధి దీపాలకన్నా కేజీఎఫ్ గనులకే ముందు కరెంటు అందింది. ఆ తరువాతి దశాబ్దాల్లో మన దేశపు రోడ్లెక్కిన కార్లలో ఎక్కువ భాగం 'టూరర్లు': నాలుగు చక్రాలు, తలుపులు, పైన కమానుల మీద పరిచిన గుడ్డ. అది యువరాజుల విలాసమేమీ కాదు, అప్పట్లో కారు అంటేనే అది. అమెరికాలో 1919లో తయారైన కార్లలో పదింట తొమ్మిది గుడ్డ టాపువే. పదేళ్లు తిరిగేసరికి లెక్క తిరగబడి, పదింట తొమ్మిదికి ఇనుప కప్పు వచ్చేసింది.

ఆ గుడ్డ వెనక ఉన్న కథ నాకు కారు కన్నా ఆసక్తిగా ఉంటుంది. 1823లో గ్లాస్గోకు చెందిన చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు ద్రావణం పూసి అతికించి, నీరు దిగని బట్టకు పేటెంటు తీసుకున్నాడు. ఎండకు జిగురయ్యే, చలికి పెళుసయ్యే ఆ రబ్బరును గంధకంతో ఉడికించి నిలకడగా ఉంచడం తరువాతి రెండు దశాబ్దాల్లో నేర్చారు. పైన గుడ్డ, నడుమ రబ్బరు, లోపల మరో గుడ్డ: ఖరీదైన కార్ల టాపుల్లో ఈనాటికీ అదే పద్ధతి, నూలు స్థానంలో అక్రిలిక్ దారం రావడం తప్ప. చవక రకం మరొకటి. మాంచెస్టర్ దగ్గరి హైడ్ ఊళ్లో చేసిన రెక్సిన్ లాంటి 'తోలు గుడ్డలు', అంటే నూలు గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత. ఆ పూత ఒట్టిగా అయితే విరిగిపోతుంది. మెత్తగా వంగాలంటే నూనె కావాలి. అందుకు వాడింది ఆముదం! ఆముదం ఎగుమతిలో అప్పుడూ ఇప్పుడూ మన దేశానిది పెద్ద చెయ్యి. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలు ఒకప్పుడు ఆ పంటకు పేరుపడ్డవే.

టాపు ఎందుకు పగులుతుందో ఇక్కడే తేలిపోతుంది. పూతలోని నూనె వెళ్లిపోతే పగులుతుంది. తరువాత వచ్చిన వినైల్‌లోనూ ఆముదానికి బదులు వేరే మెత్తబరిచే నూనెలు ఉంటాయి. ఎండ వేడికి అవి కొంచెం కొంచెంగా ఆవిరవుతాయి, అతినీలలోహిత కిరణాలు పూతనే చితకగొడతాయి. పాత జీపు టాపును దగ్గరగా చూడండి. నడిమి భాగం బాగానే ఉంటుంది. కమాను ఆనే గీత మీద, మడత పడే అంచు మీద మొదట రంగు పాలిపోయి తెల్లటి చార కనిపిస్తుంది. వేలితో వంచితే ఆ చారలో వెంట్రుకల్లాంటి బీటలు తెరుచుకుంటాయి. అడుగున నూలు పోగులు బయటపడతాయి. ఆ పోగుల నడుమ రాతిపొడి ఉంటే, బండి కుదిపినప్పుడల్లా గుడ్డ తనను తానే కోసుకుంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బొంబాయిలో మహీంద్రా వారు విల్లిస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టారు. టూరర్లు పోయినా గుడ్డ టాపు పల్లె దారి పట్టింది ఆ జీపులతోనే. ముళబాగిలు, శ్రీనివాసపురం, వి.కోట, పలమనేరు దారుల్లో లోపల పది మంది, వెనక మెట్టు మీద ఇంకో నలుగురితో తిరిగిన షేరు జీపుల్ని మరిచిపోయిన వారుండరు. పండగ ముందు టాపు నిగనిగలాడాలని డీజిలు గుడ్డతో తుడవడం డ్రైవర్లకు అలవాటు. ఆ మెరుపు రెండు రోజులు. డీజిలు వినైల్‌లోని మెత్తని నూనెను లాగేస్తుంది, రబ్బరును ఉబ్బిస్తుంది. టాపును చంపడానికి అంతకన్నా సులువైన దారి లేదు.

చేయాల్సింది పెద్దదేమీ కాదు. ముందు పొడిగా ఉన్నప్పుడే మెత్తటి కుచ్చుతో దుమ్ము దులపాలి. తడి చేశాక దులిపితే ఆ పొడి బురదై నేతలోకి దిగుతుంది. తరువాత నీడలో, చల్లటి నీళ్లతో, ఘాటు లేని సబ్బుతో కడగాలి. తడి టాపును ఎప్పుడూ మడవకూడదు. పరిచి ఉంచే ఆరనివ్వాలి. లేకపోతే నూలు గుడ్డ ముడుచుకుపోయి బటన్లు అందవు, మడతల్లో బూజు పడుతుంది. నెలల తరబడి మడిచి ఉంచడమూ అంతే చేటు. వెనక ప్లాస్టిక్ కిటికీని మడత పడకుండా మెత్తటి గుడ్డ అడ్డం పెట్టి చుట్టాలి. వినైల్ అయితే అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పూత అప్పుడప్పుడు రాయాలి. గుడ్డ అయితే నీరు జారిపోయే పూత రాయాలి. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. కుట్లు వదిలితే పగులు దాకా ఆగకుండా టాపు కుట్టే వాడి దగ్గరికి వెళ్లడమే చవక.

2020లో వచ్చిన మహీంద్రా కొత్త థార్ బండితో గుడ్డ టాపు మళ్లీ కుర్రకారు చేతికొచ్చింది. బెంగళూరు నుంచి ఆదివారం పూట సినిమా పేరున్న ఈ ఊరు చూద్దామని బయల్దేరేవారికి ఒకటే మాట. దిబ్బల దగ్గర టాపు తెరిచి ఫొటోలు దిగండి, కాదనను. తిరిగి మూసేటప్పుడు మాత్రం మడత లోపల ఒకసారి చేత్తో తడిమి చూడండి. గరగర తగిలితే దులిపాకే మూయండి.