పసుపు: విషప్రభావంలో రోగనిరోధక కణాలకు రక్షణ

విషపదార్థాల తాకిడికి గురైన తెల్లరక్తకణాలను, ముఖ్యంగా లింఫోసైట్లను, పసుపులోని కర్‌క్యుమిన్ ఎంతవరకు కాపాడగలదన్నది కొన్ని దశాబ్దాలుగా సాగుతున్న పరిశోధన.

దెబ్బ తగిలితే పసుపు అద్దడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. ఆ పసుపుకు రంగునిచ్చే ఈ కర్‌క్యుమిన్‌ను 1815లో వోగెల్, పెల్టియే అనే శాస్త్రవేత్తలు వేరుచేశారు. దాని నిర్మాణం 1910లో తేలింది. పసుపు బరువులో ఇది సుమారు 2 నుంచి 5 శాతమే. కణాల్లో వాపును రేపే ఎన్‌ఎఫ్-కప్పా బి అనే ప్రోటీన్‌ను కర్‌క్యుమిన్ అణచగలదని భరత్ అగర్వాల్ బృందం 1995లో చూపాక పరిశోధనలు ఊపందుకున్నాయి.

వాటిలో పశ్చిమ బెంగాల్‌లో జరిగినది ప్రత్యేకించి చెప్పుకోదగ్గది. అక్కడ గొట్టపు బావుల నీటితో పైకి వచ్చే ఆర్సెనిక్ విషం 1980ల నుంచి ఊళ్లకు ఊళ్లనే పీడిస్తోంది. బాధితుల అరచేతులు, అరికాళ్లు కాయలు కాసి మొద్దుబారతాయి. కంటికి కనబడని నష్టం రక్తంలో జరుగుతుంది: కణాల్లో డీఎన్‌ఏ పోగులు తెగిపోతాయి, తెగినవాటిని అతికే ఎంజైములూ మందగిస్తాయి. కోల్‌కతాలోని చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు ఆ నీరు తాగుతున్న గ్రామస్థులకు మూడు నెలలు కర్‌క్యుమిన్ ఇచ్చి, 2010లో ఫలితాలు ప్రకటించారు. నష్టాన్ని కొలిచిన తీరు ఎంతో తేటగా ఉంటుంది. లింఫోసైట్లను పలుచని జెల్‌లో పరిచి విద్యుత్తు పంపుతారు. చెక్కుచెదరని డీఎన్‌ఏ గుండ్రంగా ఉన్నచోటే ఉంటుంది, ముక్కలైనది వెనక తోకలా సాగుతుంది. అందుకే దీన్ని తోకచుక్క పరీక్ష అంటారు. కర్‌క్యుమిన్ తీసుకున్నాక ఆ తోకలు తగ్గాయి.

ఆ మందులో మిరియాల ఘాటుకు మూలమైన పైపెరిన్ కూడా ఉంది. కర్‌క్యుమిన్ ఒంటికి పట్టడం కష్టం. 2 గ్రాముల కర్‌క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ తోడైతే రక్తంలోకి చేరే మోతాదు సుమారు 20 రెట్లు పెరిగిందని బెంగళూరు పరిశోధకులు 1998లోనే చూపారు.

అయితే మోతాదు మించితే కర్‌క్యుమినే కణాలను చంపుతుందని ప్రయోగశాలల్లో తేలింది. పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలు 2022లో అమెరికాలో వెలువడ్డాయి. వారిలో ఒకరు చనిపోయారు. కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, మాత్రలు వేరు. వైద్యుణ్ణి అడగకుండా వాటి జోలికి పోకూడదు.

ఇక ఆర్సెనిక్ నీటికి పసుపు విరుగుడు కాదు. తాగునీటిలో అది లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ హద్దు దాటిన బావి నీళ్లు తాగడం ముందు మానిపించాలి.